నన్ను లేపిన నాలుగో స్థానం

2021 జులై మొదటి వారంలో ఒక పొద్దున కాలి నుంచి చెప్పు జారిపోయింది. జారిన సంగతే నాకు తెలియలేదు. అంతకుముందు వారం విరేచనాలతో నీరసించాను, అరికాళ్ల తిమ్మిరి కూడా అందుకే అనుకున్నాను. సాయంత్రానికి మెట్లు ఎక్కలేకపోయాను. మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాను.

వెన్నులోంచి నీరు తీసి, నరాల పరీక్ష చేసి, గిలియన్ బారే సిండ్రోమ్ అన్నారు. రోగాలతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి మన నరాల మీద దాడి చేస్తుందట. సాధారణంగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాలి. అందుకే రోజూ నాలుగైదుసార్లు నాచేత గట్టిగా ఊదించి చూసేవారు. ఊదిన ప్రతిసారీ అమ్మ ముఖం చూసేదాన్ని. నాకు అక్కడిదాకా రాలేదు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించాక, "ప్రాణానికి భయం లేదు. నడక రావడానికి మాత్రం నెలలు పడుతుంది" అన్నారు డాక్టరు.

ఇంటికి స్ట్రెచర్ మీద వచ్చాను. ఆ వారమే టోక్యో ఒలింపిక్స్ మొదలయ్యాయి.

మన అమ్మాయిల హాకీ జట్టంటే నాకు ప్రాణం. 2016లో రియోలో 12 జట్లలో 12వ స్థానంలో నిలిచినప్పుడూ వదలకుండా చూశాను. టోక్యోలో మొదటి మ్యాచ్ నెదర్లాండ్స్‌తో. సగం ఆట అయ్యేసరికి 1-1. ముగిసేసరికి 1-5. తర్వాత జర్మనీ చేతిలో 0-2, బ్రిటన్ చేతిలో 1-4. నా పరిస్థితీ అంతే. నాన్న ఒకవైపు, ఫిజియోథెరపిస్ట్ ఒకవైపు పట్టుకుని లేపితే మోకాళ్లు మడతపడిపోయేవి. మూడో ఓటమి రోజున ఆవిడతో, "రేపటి నుంచి రావద్దండీ" అనేశాను. మర్నాడు మామూలుగానే వచ్చారు. ఏమీ అనకుండా నా పాదం తన చేతిలోకి తీసుకున్నారు.

జులై 30న ఐర్లాండ్‌తో మ్యాచ్. ఓడితే ఇంటికే. ఆ ఆటను మర్చిపోలేను. గోల్ దగ్గర ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే అవకాశాన్ని పెనాల్టీ కార్నర్ అంటారు. పెనాల్టీ కార్నర్ మీద పెనాల్టీ కార్నర్ వచ్చింది, ఒక్కటీ గోల్ కాలేదు. "ఇంక చాలమ్మా, కట్టేయనా?" అంది అమ్మ, నా టెన్షన్ చూడలేక. వద్దన్నాను. ప్రతిసారీ వాళ్లు మళ్లీ గీత దగ్గరికి వచ్చి, అదే వరసలో నిలబడి, మొదటిసారి కొడుతున్నట్టే కొడుతున్నారు. 57వ నిమిషంలో నవనీత్ కౌర్ గోల్ కొట్టింది. నాకు గోల్ కన్నా అంతకుముందు వృథా అయిన ఆ కార్నర్లే గుర్తుండిపోయాయి. నేను పది రోజులుగా బొటనవేలు పైకి లేపమంటే లేపలేక ఏడుస్తున్నాను మరి.

మర్నాడు దక్షిణాఫ్రికాపై మూడుసార్లు ఆధిక్యంలోకి వెళ్తే మూడుసార్లూ వాళ్లు సమం చేశారు. వందనా కటారియా హ్యాట్రిక్‌తో 4-3. ఆ సాయంత్రం ఐర్లాండ్ ఓడిపోవడంతో మనవాళ్లు క్వార్టర్ ఫైనల్‌కు చేరారు. అక్కడ ఎదురుగా ఆస్ట్రేలియా. గుర్జీత్ కౌర్ కొట్టిన ఒక్క గోల్‌ను గోల్‌కీపర్ సవిత చివరిదాకా కాపాడింది. ఆ రోజు నా కాళ్లలో మార్పేమీ రాలేదు. కానీ ఫిజియోథెరపిస్ట్ వచ్చేసరికి మొదటిసారి నేనే దుప్పటి తీసేసి సిద్ధంగా ఉన్నాను.

సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో ఓడారు. కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆగస్టు 6న ఆడారు. 0-2తో వెనకబడి, 3-2తో ముందుకొచ్చి, చివరికి 3-4తో ఓడిపోయారు. మైదానంలో వాళ్లు ఏడుస్తుంటే మంచం మీద నేను ఏడ్చాను. నాకైతే ఆ నాలుగో స్థానం పతకం కన్నా తక్కువ అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఆగస్టు చివర్లో వాకర్ పట్టుకుని నిలబడ్డాను. దీపావళికి చేతికర్రతో వాకిలి దాకా నడిచాను. మధ్యలో రెండుసార్లు పడ్డాను కూడా.

2024 జనవరిలో రాంచీలో జరిగిన అర్హత పోటీల్లో జపాన్ చేతిలో 0-1తో ఓడి మనవాళ్లు పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయ్యారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అలసిపోతే నా కుడి పాదం ఇంకా కాస్త ఈడుస్తుంది.

వాళ్ల మ్యాచ్ ఉన్నప్పుడల్లా పాదానికి వ్యాయామం రబ్బరు బ్యాండు తగిలించుకుని కూర్చుంటాను. ఆటలో నాలుగు భాగాలు, అవే క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. ఒక క్వార్టర్ ఎడమ పాదం, ఒక క్వార్టర్ కుడి పాదం. విరామంలో గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేస్తాను. కుడి మడమ ఇంకా పూర్తిగా లేవడం లేదు.