జయపురంలో మా కల్యాణ మండపానికి ఎన్‌ఓసీ: నా అనుభవం

ఒడిశాలోని మా జయపురంలో ఒకప్పుడు మున్సిపాలిటీ ప్లాను పాసైతే చాలు, పునాది తీసేసేవాళ్లం. 2022లో ఇక్కడి నుంచి చిన్న విమానాలు తిరగడం మొదలయ్యాక లెక్క మారింది. మా కల్యాణ మండపం మీద లాడ్జి గదులు, ఆపైన లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు వేద్దామని ప్లాను పెడితే, ముందు ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెమ్మన్నారు.

"చుట్టూ ఇన్ని కొండలుండగా మన మేడ అడ్డమా?" అన్నారు నాన్న. ఊళ్లో చాలామంది మాటా ఇదే. కానీ కొండ ఎక్కడుందో పైలట్ మ్యాపులో ఉంటుంది, విమానం దారిని దాన్ని తప్పించే గీస్తారు. నిన్న లేని మేడ, టవరు ఇవాళ లేస్తే ఆ దారికి ఎవరు పూచీ? పైగా కొండలున్న చోట విమానానికి మిగిలే ఖాళీయే తక్కువ. దాన్ని మనమే మూసేసుకోకూడదు.

ఒక మధ్యవర్తి అంతా తనే చూసుకుంటానని డబ్బడిగాడు. అక్కర్లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకోవచ్చు. అసలు పనంతా సర్వే దగ్గరే ఉంది. స్థలం మూలల అక్షాంశ రేఖాంశాలు డబ్ల్యూజీఎస్-84 (జీపీఎస్ వాడే లెక్క) పద్ధతిలో, సెకండులో వందో వంతు దాకా రాయాలి. సముద్రమట్టం నుంచి నేల ఎత్తూ కావాలి. పార్వతీపురం నుంచి వచ్చిన సర్వేయరు ఒక్కో మూలలో ముక్కాలి స్టాండు నిలబెట్టి, రీడింగు కుదుటపడేదాకా కదలలేదు. ఫోన్లో చూసి రాసేయొచ్చు కదా అని నాన్న అడిగితే, "ఫోను చూపే ఎత్తు పది మీటర్లు అటూ ఇటూ పోతాది బాబుగారూ. పది మీటర్లంటే మూడంతస్తులు" అన్నాడు. స్థలం వివరాలు తప్పని తేలితే ఇచ్చిన ఎన్‌ఓసీ కూడా చెల్లదు.

కాగితం వచ్చాక అందరూ తికమకపడేది అందులోని అంకె దగ్గరే. అది మేడ ఎత్తు కాదు, సముద్రమట్టం నుంచి మేడ కొస దాకా లెక్క. మన ఊరే దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. 640 అని రాస్తే, నేల 605 దగ్గరుంటే, కట్టుకోగలిగింది 35 మీటర్లే. అందులోనే ట్యాంకు, మెట్ల గది, యాంటెన్నా, పిడుగు కడ్డీ అన్నీ ఇమడాలి.

ఈ హద్దు ఎవరో ఊహించి పెట్టింది కాదు. విమానాశ్రయం మట్టానికి 45 మీటర్ల పైన చుట్టూ కనపడని పందిరి వేసినట్టు ఒక సమతలం ఉంటుంది. దాని అంచు దాటాక 20 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున హద్దు పైకి లేస్తుంది. రన్‌వే కొసల ఎదుట మాత్రం విమానం బాగా కిందుగా వస్తుంది కాబట్టి అక్కడ హద్దు చాలా తక్కువ. అందుకే ఒకే వీధిలో ఇద్దరికి రెండు అంకెలు రావచ్చు, పక్కవాడి కాగితం మనకి పనికిరాదు.

ఇవన్నీ 2015 నాటి కేంద్ర నియమాలు. మేడలకి ఎన్‌ఓసీ గడువు 8 ఏళ్లు. ఈలోగా కట్టడం పూర్తికాకపోతే మళ్లీ వెళ్లాలి.

మాకు అంతస్తులు తగ్గించాల్సిన పని పడలేదు. మేడ మీద మొబైల్ టవరుకి అద్దెకడగడానికి వచ్చినవాళ్లకి మాత్రం ఆ అంకె చూపించాం. టవరు కొసని దాని కిందికి తెస్తే ఒప్పుకుంటామన్నాం. వాళ్లు ఇంజనీరుని తీసుకొస్తామని వెళ్లారు.