దూరం చెప్పని అడవి

ఇంగ్లండులో రెడింగ్ నుంచి పోర్ట్స్‌మత్ వెళ్ళేవాళ్ళు మామూలుగా ఎం3 మోటార్‌వే పట్టుకుంటారు. మేం గిల్డ్‌ఫర్డ్ మీదుగా ఏ3 ఎక్కాం. పోర్ట్స్‌మత్ ఆదివారం సంగతి. శనివారం నాకు పని పడింది దారిలో ఉన్న ఒక అడవిలో. హైండ్‌హెడ్ దగ్గర కొండ కింద 2011లో తెరిచిన సొరంగం ఉంది, సుమారు 1.8 కిలోమీటర్లు. అది దాటిన కాసేపటికి పెద్ద రోడ్డు వదిలి, ఎదురుగా కారు వస్తే ఎవరో ఒకరు రివర్స్ చేసుకోక తప్పని సన్నటి దారిలోకి తిరిగాం. రెండు పక్కలా ఎత్తైన గట్లు, పైన కొమ్మలు కలిసిపోయి పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకునేంత చీకటి.

"విల్లు పట్టుకోడానికి ఇంత దూరం రావాలా? అదేదో బెజవాడలో ఉన్నప్పుడే పట్టుకోవాల్సింది" అన్నారు మా ఆయన.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించింది మా ఇంద్రకీలాద్రి మీదేనని వింటూ పెరిగినవాళ్ళం. ఈ కాలానికి వస్తే వెన్నం జ్యోతి సురేఖది మా ఊరే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్‌ది కూడా విజయవాడే. అంతమంది మధ్య పెరిగి అక్కడ విల్లు ముట్టుకోని నేను, ఇక్కడ ఆఫీసులో పక్క సీటావిడ వారాంతాల్లో అడవికెళ్ళి బాణాలు వేస్తుందని తెలిసి ఆమె వెంటపడి బిగినర్స్ కోర్సులో చేరాను. కోర్సంతా రెడింగ్‌లో క్లబ్ వాళ్ళ మైదానంలో జరిగింది. అడవిలో వేయడానికి ఈ సస్సెక్స్ ట్రిప్పే మొదలు.

జ్యోతి సురేఖ ఆడేది వేరే ఆట. కాంపౌండ్ విల్లుకి కప్పీలుంటాయి, గురి చూసుకోడానికి సైట్ ఉంటుంది, లక్ష్యం 50 మీటర్లలో ఉంటుంది. ఒలింపిక్స్‌లో రికర్వ్, అంటే కొనలు ముందుకి వంగిన విల్లు, వాడేవాళ్ళకైతే 70 మీటర్లు. ఎండైనా వానైనా ఆ దూరం మారదు. మేం వెళ్ళిన తరహా ఫీల్డ్ ఆర్చరీలో మాత్రం అడవిలో బాట వెంట నడుస్తూ పోవాలి, ఒక్కో మలుపులో ఒక్కో లక్ష్యం. అది ఎంత దూరంలో ఉందో ఎవరూ చెప్పరు, ఎక్కడా రాసి ఉండదు. కొలిచే పరికరాలు వాడకూడదు. బ్రిటన్‌లో ఈ ఆటని నడిపే సంఘాల్లో ఒకటైన నేషనల్ ఫీల్డ్ ఆర్చరీ సొసైటీ 1973లో పుట్టింది. విల్లుతో అడవి జంతువుల్ని చంపడం 1981 చట్టం ప్రకారం ఇక్కడ నేరం. కాబట్టి కొట్టేదంతా ఫోమ్‌తో చేసిన బొమ్మ జంతువుల్నే. సస్సెక్స్ అడవిలో ఎలుగుబంటి ఉండటం ఒక ఎత్తు, పొదల్లోంచి మొసలి తొంగిచూడటం ఇంకో ఎత్తు.

కారు పార్కింగ్ దగ్గర రేకుల షెడ్డు, అందులో టీ కెటిల్, గోడకి అడవి మ్యాపు. సభ్యత్వం కార్డు చూసి నాకొక లాంగ్‌బో, అంటే పొడుగాటి చెక్క విల్లు, చేతికిచ్చారు. దాని నారిని 28 అంగుళాలు లాగడానికి 35 పౌన్ల బలం కావాలి. నారి దింపి ఉంది. చెక్క విల్లుకి నారి ఎక్కించి వదిలేయకూడదు, వంగిపోయి సత్తువ పోతుంది. కింది కొనని పాదం లోపలి పక్కకి ఆనించి, ఒక చేత్తో పిడి దగ్గర పట్టి లాగుతూ, రెండో అరచేత్తో పైకొమ్మని నెడుతూ, అదే చేతి వేళ్ళతో నారి ముడిని గాడిలోకి జరపాలి. శివధనుస్సు ఎక్కుపెట్టాక రాముడు చెమట తుడుచుకున్నాడో లేదో ఎవరూ రాయలేదు గానీ, నేను తుడుచుకున్నాను.

నన్ను కలిపిన గుంపులో ఒక రిటైరైన పెద్దాయన, ఒక తల్లి, ఆమె టీనేజి కొడుకు ఉన్నారు. పెద్దాయన బాణాలు ఆయనే తయారుచేసుకుంటాడు. దేవదారు కర్ర, గాడి దగ్గర ఎర్ర రంగు, టర్కీ కోడి ఈకలు. ఈకల కింద రింగులు గీసి ఉన్నాయి: ఒక బాణానికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. ఏది ముందు వేశారో తెలియడానికట. బాణం మీద పేరు కూడా ఉండాలి. మా ఆయన ఆడరు కాబట్టి స్కోరు అట్ట, పెన్సిలు ఆయనకి అంటగట్టారు. బ్యాంకులో పనిచేసే మనిషి, కాగితం చేతికొచ్చేసరికి హుషారొచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతి లక్ష్యానికీ ఎర్ర, తెల్ల, నీలి రంగు గుంజలు పాతి ఉంటాయి. పెద్దవాళ్ళు ముందు ఎర్ర గుంజ దగ్గర నిలబడి వేయాలి, అది అన్నిటికంటే దూరం. తగిలితే అక్కడితో ఆపేయాలి, ప్రాణం తీసే చోట పడితే 20, ఒంట్లో ఇంకెక్కడైనా పడితే 16. తప్పిపోతే ముందుకి నడిచి తెల్ల గుంజ నుంచి రెండో బాణం, దానికి 14 లేదా 10. అదీ పోతే నీలి గుంజ, 8 లేదా 4. మూడూ పోతే సున్నా రాసుకుని నడవడమే. తెల్ల, నీలి గుంజలు అసలు పిల్లలవి. వాళ్ళు మొదటి బాణం అక్కడి నుంచే వేస్తారు.

మొదటిది అడవిపంది, పల్లంలో, చెస్ట్‌నట్ చెట్ల మధ్య. నేల మీద ముళ్ళ కాయలు పగిలి పరుచుకుని ఉన్నాయి. బాణం గాడిని నారికి తగిలించాను. చూపుడు వేలు బాణానికి పైన, రెండు వేళ్ళు కింద. లాగి చేతిని నోటి మూలకి ఆనించి, రెండు కళ్ళూ తెరిచే పందిని చూస్తూ వదిలాను. బాణం పంది వీపు మీదుగా పోయి వెనక మట్టికట్టలో దిగింది. పల్లానికి వేసేటప్పుడు వాలు వెంట కనిపించే దూరాన్ని నమ్మకూడదన్నాడు పెద్దాయన. భూమి బాణాన్ని కిందికి లాగేది అడ్డంగా ఉన్న దూరం మేరకే కాబట్టి తక్కువ దూరం అనుకుని వేయాలి. ఎత్తుకి వేసినా అదే లెక్క. తెల్ల గుంజ నుంచి పంది మెడలో పడింది, 10.

తర్వాతి జింక దగ్గర అసలు పాఠం మొదలైంది. మాకూ దానికీ మధ్య ఒక లోయలాంటి గుంట, అవతలి గట్టున ఎండపొడలో జింక నిలబడి ఉంది.

"ఏవండీ, ఎంతుంటుందంటారు?"

"పాతిక గజాలు. ప్లాటు కొన్నవాణ్ణి, గజాలు నాకు చెప్పాలా?"

నాకూ అలాగే అనిపించింది. బాణం జింక కాళ్ళ ముందు నేలలో గుచ్చుకుంది. మధ్యలో నేల కనపడనప్పుడు కన్ను ఆ దూరాన్ని మింగేస్తుంది. ఎండలో ఉన్నది దగ్గరగా, నీడలో ఉన్నది దూరంగా కనిపిస్తుంది. రెండు వరసల చెట్ల మధ్య సందులోంచి చూస్తే ఉన్నదానికంటే దూరం అనిపిస్తుంది. చిన్న బొమ్మని దగ్గర పెడితే పెద్ద బొమ్మ దూరంగా ఉందని భ్రమ. ఇవన్నీ తెలిసినవాళ్ళే ఈ బాట వేస్తారు. ఎక్కడ ఏ జంతువుని నిలబెడితే మనిషి బోల్తా పడతాడో చెట్టు చెట్టుకీ చూసుకుని మరీ పెడతారు. పెద్దాయన కూడా ఆ బృందంలో ఒకడని టీ దగ్గర తెలిసింది. ప్రతి లక్ష్యం దగ్గరా మా మొహాలు చూసి ఆయన ఎందుకు మురిసిపోతున్నాడో అప్పుడర్థమైంది.

ఎలుగుబంటి దగ్గర ఇంకో మాయ. ఎదురుగా దారి శుభ్రంగా ఖాళీగా ఉంది, మధ్యలో తల ఎత్తు పైన ఒక్క ఓక్ కొమ్మ. చూపుకి అది అడ్డమే కాదు. కానీ ఈ విల్లు నుంచి బాణం తిన్నగా పోదు, ముప్పై గజాలకి ఒంపు తిరిగి పైకి లేచి దిగుతుంది. ఆ లేచిన చోటే కొమ్మ. ఆ అబ్బాయి బాణం టప్పుమని కొమ్మకి తగిలి ముక్కలైంది. వాడు తిట్టుకోలేదు, మోకాళ్ళ మీద కూచుని ఎలుగు కంటే తక్కువ ఎత్తు నుంచి రెండోది వేశాడు. కొమ్మ కిందుగా పోయి గుండెల్లో దిగింది. నేను చప్పట్లు కొట్టబోయి, నెమలి అరిచినట్టు అరిచాను.

బాణాలు వెతకడం సగం ఆట. అక్టోబరు ఆకుల్లో పడిన కర్రబాణం నేలకి సమాంతరంగా దూరిపోతుంది, పైకి ఏమీ కనపడదు. అందుకే గాడికి అంత ఎర్ర రంగు. ఎవరైనా లక్ష్యం వెనక వెతుకుతుంటే, ఒక విల్లుని ఆ జంతువు ముందు అడ్డంగా నిలబెట్టాలి, వెనక వచ్చే గుంపు చూసి ఆగుతుంది. అందరి మెడలోనూ విజిల్ ఉంటుంది. ఫోమ్‌లోంచి బాణం పీకేటప్పుడు ఒక చేత్తో బొమ్మని అదిమి, బాణాన్ని బొమ్మకి దగ్గరగా పట్టి తిన్నగా లాగాలి, వెనక ఎవరూ ఉండకూడదు. గాడి కొన కంట్లో పడితే చాలా ప్రమాదం.

మధ్యాహ్నం అందరూ బేకన్ రోల్స్ తింటుంటే మేం పులిహోర డబ్బా తీశాం. ఆ అబ్బాయి రెండుసార్లు పెట్టించుకున్నాడు, పోపులో మిరపకాయ కొరికి నీళ్ళు కూడా తాగలేదు. తర్వాత వాన పట్టుకుంది. ఈకలు తడిస్తే అణిగిపోయి బాణం అదుపు తప్పుతుంది కాబట్టి అందరూ అమ్ములపొదులకి ప్లాస్టిక్ సంచులు తొడిగారు. బురద, జారుడు, వేళ్ళకి తిమ్మిరి. అయినా చివరి లక్ష్యాలకొచ్చేసరికి నేను గజాలు లెక్కపెట్టడం మానేసి జంతువునే చూస్తున్నాను, బాణాలు మెరుగ్గానే పడ్డాయి. నా మొత్తం స్కోరు మా ఆయన రెండుసార్లు కూడి మరీ చెప్పారు. ఇక్కడ రాయాల్సినంత ఘనమైనదేమీ కాదు.

ఆదివారం పొద్దున్న పోర్ట్స్‌మత్‌కి ముందు చిచెస్టర్ పక్కన కింగ్లీ వేల్‌కి వెళ్ళాం. ఇంగ్లండు విల్లుకి పేరు తెచ్చిన యూ చెట్ల అడవి అది. వెస్ట్ స్టోక్ దగ్గర కారు పెట్టి పొలాల మధ్య నడవాలి. కొమ్మలు నేలదాకా వంగి మళ్ళీ వేళ్ళూనుకున్నాయి. కింద గడ్డిపోచ కూడా మొలవని చీకటి. ఎర్రటి పళ్ళ గుజ్జు తప్ప ఆ చెట్టంతా విషమే. యూ కర్రలో బయటి తెల్లచెక్క సాగుతుంది, లోపలి ఎర్రటి చేవ నొక్కుడుకి తట్టుకుంటుంది. రెండూ కలిసే చోట చీల్చి, తెల్లది ముందుకీ చేవ కడుపువైపుకీ వచ్చేలా చెక్కితే రెండు గుణాలూ ఒకే కర్రలో దొరుకుతాయి. అయితే ఇంగ్లండులో పెరిగే యూకి ముడులెక్కువ, మంచి కర్ర చాలావరకు యూరప్ నుంచే వచ్చేది. 1472లో ఎడ్వర్డ్ 4 ప్రభుత్వం, విదేశీ సరుకుతో వచ్చే ఓడలు ప్రతి టన్ను సరుకుకీ నాలుగు విల్లుకర్రలు తేవాలని చట్టం చేసింది. అంతకు ముందు 1363లో ఎడ్వర్డ్ 3 పండగపూట మగాళ్ళంతా విలువిద్య సాధన చేయాలని, ఫుట్‌బాల్ ఆడకూడదని ఆజ్ఞ వేశాడు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ మానమన్న రాజు మాట ఎంతవరకు సాగిందో చెప్పక్కర్లేదు.

పోర్ట్స్‌మత్‌లో చూడాలనుకున్నది మేరీ రోజ్ ఒక్కటే. ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక, 1545 జూలై 19న సోలెంట్ జలసంధిలో మునిగి 1982 అక్టోబరు 11న పైకి వచ్చింది. బురదలో కప్పబడి ఉండటం వల్ల 170కి పైనే విల్లులు దొరికాయి, చాలావరకు చెక్కుచెదరకుండా. బాణాలు వేలల్లో. గాజు అవతల వరసగా నిలబెట్టిన ఆ విల్లులు మా ఆయన కంటే పొడుగు. లాగడానికి 100 నుంచి 185 పౌన్ల దాకా బలం కావాలని పరిశోధకులు లెక్కగట్టారు. 35 పౌన్లకే వేళ్ళు తిమ్మిరెక్కిన నేను ఆ అంకె దగ్గర ఆగిపోయాను. ముంజేతికి కట్టుకునే తోలు పట్టీలు కూడా ఉన్నాయి, ఒకదాని మీద అచ్చు నాకు నిన్న నారి తగిలి కమిలిన చోటే అరుగుదల. 24 బాణాలు విడివిడిగా నిలిచేలా కన్నాలు పెట్టిన గుండ్రటి తోలుముక్క ఒకటుంది. ఈకలు నలగకుండా ఉండటానికట. ఓడలో దొరికిన కొన్ని ఎముకల్లో భుజం కీలు దగ్గర పూర్తిగా అతుక్కోని ముక్క కనిపించిందని, చిన్నప్పటి నుంచీ బరువైన విల్లు లాగడం అందుకు కారణం కావచ్చని అక్కడ రాశారు.

వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ ఏ3యే. పీటర్స్‌ఫీల్డ్ దాటేదాకా మా ఆయన మాట్లాడలేదు. సర్వీసు స్టేషన్లో కాఫీ తెచ్చుకున్నాక అడిగారు.

"ఆ కోర్సు ఎన్ని వారాలన్నావు?"

చెప్పాను.

"చేరితే పెద్దవాళ్ళం కూడా నీలి గుంజ నుంచి మొదలుపెట్టొచ్చా?"

కుదరదన్నాను. కాసేపు ఆలోచించి, పర్లేదు, స్కోరు రాసేది మాత్రం తనేనన్నారు.