చెవి కొసన ఒక్క నెత్తుటి చుక్క

వానలు పట్టాక ఒడిశాలోని గునుపురం పైనున్న కొండ ఊళ్లలో తరచూ జరిగేదే. నిన్న సాయంత్రం దాకా బాగానే మేసిన ఎద్దు తెల్లారేసరికి శాలలో కాళ్లు చాపుకుని పడి ఉంటుంది. పొట్ట డోలులా ఉబ్బిపోతుంది. ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంటుంది, ఎంతకీ గడ్డకట్టదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు పాము అంటారు, ఒకరు పిడుగు అంటారు, ముసలాయన మెల్లగా "దొమ్మ" అంటాడు. ఈలోగా ఎవరో కత్తి నూరుతుంటారు, ఊరికే పోతోందే మాంసం అని.

పశువైద్యం చదవాలనుకునే మన రాయగడ, పర్లాకిమిడి, కొరాపుట్ తెలుగు పిల్లలు "ఆ చదువులో ఏముంటుంది?" అని అడిగితే చూపించాల్సింది ఈ ఎద్దునే. ఐదున్నరేళ్ల సిలబస్‌లో సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు సీటు సంగతి ముగించేద్దాం. బి.వి.ఎస్సీ అండ్ ఎ.హెచ్. కోర్సు నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. ప్రతి ప్రభుత్వ కాలేజీలో 15 శాతం సీట్లు నీట్ ర్యాంకు మీద వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నింపుతుంది. మిగతావి ఆయా రాష్ట్రాల చేతిలో ఉంటాయి. ఇక్కడే మనవాళ్లు తికమకపడతారు. పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్ కంటే ఆంధ్రలోని గరివిడి కాలేజీ ఎంతో దగ్గర, అక్కడ మాట కూడా మన మాటే. కానీ రాష్ట్ర సీటు స్థానికత సర్టిఫికెట్ చూసి ఇస్తారు, ఇంట్లో మాట్లాడే భాష చూసి కాదు. ఒడిశా నివాసి అయితే ముందు భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వెటర్నరీ కాలేజీ మీద ఆశ పెట్టుకోవాలి. గరివిడి, తిరుపతి, గన్నవరం కావాలంటే ఆ 15 శాతం కోటాలో గట్టి ర్యాంకు రావాలి.

ఇక ఎద్దు దగ్గరికి వద్దాం. పెథాలజీలో మొదటి నుంచీ చెప్పేది ఒక్కటే: చచ్చిన పశువును కోసి చూడు, లోపల అంతా రాసి ఉంటుంది. ఆ మాటకు ఒక మినహాయింపు ఉంది. ఆంథ్రాక్స్, అంటే ఆ ముసలాయన అన్న దొమ్మ, అనుమానం ఉంటే కత్తి పెట్టకూడదు. ఎందుకో మైక్రోబయాలజీలో తెలుస్తుంది. దీన్ని తెచ్చే క్రిమి బాసిల్లస్ ఆంథ్రాసిస్ బతికున్న పశువు నెత్తురులో మామూలు కడ్డీలా పెరుగుతుంది. దానికి గాలి తగిలితే స్పోర్ కడుతుంది, అంటే గట్టి పెంకు వేసుకుని నిద్రపోతుంది. ఆ స్పోర్ మట్టిలో దశాబ్దాలు ఉండగలదు. శవాన్ని కోయకుండా ఉంచితే లోపల కుళ్లే క్రిములే మన ఎండకు రెండు మూడు రోజుల్లో ఆంథ్రాక్స్ కడ్డీలను చంపేస్తాయి. కోస్తే ఆ నెత్తురంతా స్పోర్ల విత్తనమై పొలంలో పడుతుంది. వంశధార, నాగావళి పొంగినప్పుడు ఆ మట్టి పల్లపు మేతబీళ్లకు చేరుతుంది. మరుసటి ఏడు ఎండకు గడ్డి కురచగా ఉన్నప్పుడు పశువు మట్టితో సహా పీకి తింటుంది. ఒకే ఊళ్లో అదే మూల ఏళ్ల తరబడి చావులు వస్తుంటే కారణం ఇదే.

మరి కోయకుండా రోగం ఎలా తేలుతుంది? చెవి కొసన ఒక్క చుక్కతో. చదువులో మొదట చేతికి పట్టాల్సిన పని ఇదేనని నా లెక్క, పరీక్షలో దీనికి ఐదు మార్కులు కూడా రాకపోవచ్చు.

రెండు జతల గ్లవ్స్, మాస్కు, కాళ్లకు బూట్లు. చెవి మీద కనపడే సిరను స్పిరిట్ దూదితో తుడిచి సూదితో గుచ్చాలి. కోత పెట్టకూడదు. వచ్చిన చుక్కను స్లైడు మీద పెట్టి, రెండో స్లైడును ఏటవాలుగా పట్టుకుని పల్చగా లాగాలి. గుచ్చిన చోట క్రిమిసంహారకం ముంచిన దూది నొక్కి ఉంచాలి. స్లైడు ఆరాక సంపూర్ణ ఆల్కహాల్‌లో ఒక నిమిషం ముంచాలి, ఆరనివ్వాలి, ఇంకోసారి ముంచాలి. ల్యాబ్‌లో అలవాటైనట్టు దీపం మీద మూడుసార్లు తిప్పేసి ఊరుకుంటే క్రిమి పూర్తిగా చావకపోవచ్చు. తర్వాత పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ ఒక చుక్క, ఒక నిమిషం. కడిగిన నీళ్లు సింకులోకి కాదు, బ్లీచింగ్ ద్రావణం ఉన్న పాత్రలోకి పోవాలి. ఆరబెట్టి మైక్రోస్కోపు ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ కింద చూస్తే నీలం కడ్డీలు కనిపిస్తాయి. కొసలు గుండ్రంగా ఉండవు, ఇటుకలు కోసినట్టు చతురస్రంగా ఉంటాయి. రెండు మూడు కలిసి చిన్న గొలుసుగా ఉంటాయి. చుట్టూ లేత గులాబీ రంగు పొర ఉంటే అదే దాని తొడుగు. దీన్నే మెక్‌ఫాడియన్ రియాక్షన్ అంటారు.

ఆ గులాబీ రంగు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కొత్తగా కలిపిన మిథిలీన్ బ్లూతో అది రాదు. రంగు గాలి తగులుతూ నెలల తరబడి మాగి "పాలీక్రోమ్" కావాలి, ఊరగాయ ముక్కలా. కొత్త సీసా తెరిచి, తొడుగు కనపడలేదు కాబట్టి ఆంథ్రాక్స్ కాదు అని రాసేస్తే ఊరు మునుగుతుంది. చచ్చి 24 గంటలు దాటితే ఇంకో చిక్కు. కుళ్లిన శవంలో క్లాస్ట్రిడియం అనే వేరే క్రిమి కడ్డీలు నిండిపోతాయి, చూపుకు అన్నీ ఒకలానే ఉంటాయి. మూడోది, చావుకు ముందు ఎవరో పెన్సిలిన్ సూది వేసి ఉంటారు. అప్పుడు స్లైడు ఖాళీగా కనపడినా రోగం లేదని చెప్పడానికి లేదు. అందుకే యజమానిని మొదట అడగాల్సిన ప్రశ్న "ఏం సూది వేయించారు?" అనేది. ఇలాంటప్పుడు ముక్కు దగ్గరి నెత్తురు అంటిన పొడి దూదిని, కింద తడిసిన మట్టిని కల్చర్‌కో (క్రిమిని పెంచి చూడటం) పీసీఆర్‌కో (క్రిమి జన్యువును పట్టే పరీక్ష) పంపాలి. దూదిని ఏ ద్రావణంలోనూ వేయక్కర్లేదు. పొడిగా ఉంటే మిగతా క్రిములు చచ్చి స్పోర్లు మిగులుతాయి, అది మనకు మేలే.

నెత్తురు కారలేదు కాబట్టి దొమ్మ కాదనీ అనుకోవద్దు, కొన్నిటికి కారదు. శవం బిగుసుకుందా లేదా చూడండి. ఆంథ్రాక్స్‌లో పూర్తిగా బిగుసుకోదు.

ఇక మిగతా అనుమానాలు. వానాకాలంలో గేదె చస్తే ముందు గొంతువాపు తలుచుకోవాలి. పాశ్చురెల్లా మల్టోసిడా తెచ్చే రోగం. గొంతు కింద వేడిగా వాపు, గురక, చొంగ, 104 నుంచి 107 డిగ్రీల జ్వరం, చాలాసార్లు ఒక్క రోజులోనే చావు. స్లైడు మీద లాగిన నెత్తురులో రెండు కొసలూ ముదురు రంగు పట్టిన చిన్న క్రిములు కనిపిస్తాయి. శవం కుళ్లిపోయి, ఆంథ్రాక్స్ కాదని తేలితే కాలి పొడవాటి ఎముక ఒకటి కండ తీసి పంపుతారు. ఎముక మూలుగలోకి కుళ్లు ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి క్రిమి అక్కడ దొరుకుతుంది. జబ్బవాపు వేరు. ఆరు నెలల నుంచి రెండేళ్ల వయసున్న, ఒంటి మీద కండ ఉన్న దూడలను ఏరుకుని పట్టుకుంటుంది. జబ్బ మీదో తొడ మీదో వాపు నొక్కితే లోపల గాలి చిటపటలాడుతుంది. మోతు జాతి వంటి మన చిన్న పశువుల్లో వాపు పైకి పెద్దగా కనపడకపోవచ్చు, చేత్తో తడిమి చూడాల్సిందే.

పత్తి వేసే ఊరైతే పురుగుమందు సంగతి మరవొద్దు. రాయగడ చుట్టుపక్కల పత్తి చేలు ఎక్కువ, మందు కలిపిన బకెట్‌లోనే నీళ్లు పెట్టడం మామూలు. ఆర్గానోఫాస్ఫరస్ మందు తగిలిన పశువుకు చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండలు వణుకుతాయి. అట్రోపిన్ కిలో బరువుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు. అందులో నాలుగో వంతు సిరలోకి, మిగతాది చర్మం కింద లేదా కండలోకి. లేత జొన్న మేసి నాము (సైనైడ్ విషం) తగిలితే నెత్తురు ఎర్రగా మెరుస్తుంది, మేతలో నైట్రేట్ ఎక్కువైతే చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. ఫార్మకాలజీలో ఈ రెండింటి విరుగుళ్లను కలిపేసుకోవడం విద్యార్థుల పాత జబ్బు. నాముకు సోడియం నైట్రైట్, తర్వాత సోడియం థయోసల్ఫేట్. నైట్రేట్‌కు మిథిలీన్ బ్లూ. నైట్రేట్ తగిలిన పశువుకు నైట్రైట్ ఎక్కిస్తే ఉన్న కాస్త ఊపిరీ తీసినట్టే. పిడుగైతే చెట్టు కిందో కంచె పక్కనో పడి ఉంటుంది, నోట్లో గడ్డి ఇంకా నమలకుండా ఉంటుంది.

బతికున్న పశువు దగ్గర పని ఇంకా తేలికనుకుంటారు, కాదు. థర్మామీటర్ పేడలో గుచ్చితే జ్వరం తక్కువ చూపిస్తుంది. మొన పక్కగోడకు ఆని ఉండాలి, రెండు నిమిషాలు. ఆవుకు 101.5 ఫారెన్‌హీట్ దగ్గర మామూలు, మేకకు ఒక డిగ్రీ ఎక్కువే ఉంటుంది. ఎండలో కొండ దిగి నడిచొచ్చిన పశువును నీడలో కాసేపు నిలిపాకే చూడాలి. నాడి తోక మొదట్లో అడుగున దొరుకుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి నిలబడితే రూమెన్ (పెద్ద పొట్ట) రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు పైకి తన్నాలి. తన్నకపోతే మేత మానేసిందని యజమాని చెప్పకముందే మీకు తెలుస్తుంది. ఆయన చెప్పే పేర్లు కూడా నేర్చుకోవాలి. కిందింట్లో గాలికుంటు అంటారు, పక్కింట్లో ఒడియాలో ఫాటువా అంటారు, సవర ఊళ్లో ఇంకో మాట. రోగం ఒక్కటే. కాలేజీలో మాత్రం దాన్ని ఇంగ్లీషు పేరుతోనే చదువుతారు.

పుస్తకం మీద మరీ భరోసా కూడా వద్దు. పాత పాఠ్యపుస్తకాల్లో లంపీ స్కిన్ వ్యాధి మన దేశంలో లేని రోగాల వరసలో ఉండేది. 2019 ఆగస్టులో మన ఒడిశాలోనే మొదట బయటపడింది, ఆ తర్వాత దేశమంతా పాకింది. ముసర రోగం (రిండర్‌పెస్ట్) సంగతి తలకిందులు. 2011లోనే ప్రపంచం మొత్తం మీద దాని పని అయిపోయింది, ఇంకా పేజీలకు పేజీలు చదివిస్తారు. చదవడం దండగ మాత్రం కాదు, నోటి పుళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఆంథ్రాక్స్ అని తేలాక చేయాల్సింది ఒక వరసలో జరగాలి. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం కింద తెలియజేయాల్సిన రోగం ఇది, కబురు దగ్గరి పశువైద్యశాలకు అదే పూట అందాలి. శవం రంధ్రాల్లో ఫార్మలిన్ ముంచిన దూది కుక్కి, ఈడ్చకుండా మోసుకెళ్లి కాల్చడం మేలు. కట్టెలు చాలకపోతే నీటికి దూరంగా మెరకలో కనీసం ఆరడుగుల గొయ్యి. నెత్తురు పడిన మట్టి కూడా దానితోనే పోవాలి. సున్నం చల్లడం మన దగ్గర ఆనవాయితీ, కానీ సున్నంలోని కాల్షియం స్పోర్లు నిలవడానికే తోడ్పడవచ్చని ఆంథ్రాక్స్ నిపుణులు దాన్ని వద్దంటారు. మాంసం కోసినవాళ్లను, తిన్నవాళ్లను విడిగా కలిసి మాట్లాడాలి. చేతి మీద నొప్పిలేని పుండు లేచి నడుమ నల్లటి పెచ్చు కడితే ఆసుపత్రికి పంపాలి. కొరాపుట్ జిల్లాలో మనుషులకు ఈ రోగం పదేపదే రావడానికి దారి ఇదే, చచ్చిన పశువు మాంసం. తొందరగా మందు పడితే నయమవుతుంది. ఉడికిస్తే పోతుందన్న ధీమా పనికిరాదు. ఉడికేలోపే కోసిన చేతికి అంటుతుంది.

ఊళ్లో మిగతా పశువులకు స్టెర్న్ స్పోర్ టీకా వేస్తారు. పెద్ద పశువుకు ఒక మిల్లీలీటరు, గొర్రె మేకలకు అర మిల్లీలీటరు, చర్మం కింద. ఇది బతికున్న టీకా. భయపడి అదే రోజు పెన్సిలిన్ కూడా వేస్తే టీకా క్రిమి చచ్చి ఖర్చు వృథా. జ్వరమున్న పశువుకు మందు, బాగున్నదానికి టీకా, రెంటికీ నడుమ వారమైనా ఎడం ఉండాలి.

చివరికి పార్శిల్. నమూనాలు కటక్ దగ్గర ఫుల్నఖరాలోని పశు వ్యాధి పరిశోధన సంస్థకు వెళ్తాయి, గునుపురం నుంచి ఒక రాత్రి ప్రయాణం. మూడు పొరల ప్యాకింగ్: నమూనా సీసా, దాని చుట్టూ దూదితో గట్టి డబ్బా, పైన పెట్టె. ఊదా మూత ట్యూబులో (గడ్డకట్టనివ్వని మందున్నది) నెత్తురును మెల్లగా ఎనిమిది పదిసార్లు తిప్పాలి, కుదిపితే కణాలు పగులుతాయి. ఎర్ర మూతది గడ్డకట్టేదాకా కదపకుండా వాలుగా ఉంచాలి. వేరే రోగానికి తీసిన కండ ముక్క అర సెంటీమీటరు మందం దాటకుండా, దానికి పది రెట్లు ఫార్మలిన్‌లో వేయాలి. ఈ ముక్కకు ఐసు పెట్టకూడదు. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి, ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది. ఊరి పేరు మనం పిలిచేట్టు కాదు, ఒడిశా రికార్డులో ఉన్నట్టు రాయాలి: గునుపురం కాదు గుణుపూర్, పర్లాకిమిడి కాదు పారలాఖెముండి. పక్కన బ్లాకు పేరు, జిల్లా పేరు. మన పలుకుబడితో రాసిన స్లైడుకు రిపోర్టు వచ్చినా అది ఏ ఊరిదో తేల్చుకునేసరికి ఆ ఊళ్లో ఇంకో ఎద్దు పడి ఉంటుంది.