సీసాలో నీళ్లు అలాగే తిరిగొస్తున్నాయా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన పిల్లలు చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో యాస కాస్త మారితే చాలు, వెక్కిరింత మొదలు. మన పిల్లలేమో పక్క బెంచీలోని సవర గిరిజన పిల్లాడికి ఇంకో పేరు తగిలిస్తారు. రెండూ ఒకే తప్పు, కానీ మొదటిదే మన కంట పడుతుంది.

ఏడిపిస్తున్నారని పిల్లలు తొందరగా నోరు విప్పరు. బడి నుంచి రాగానే సంచీ పడేసి మరుగుదొడ్డికి పరిగెడుతున్నా, సీసాలో నీళ్లు తాగకుండా తెస్తున్నా కోప్పడకుండా అడగండి. బడి మరుగుదొడ్డి బాగోక కావచ్చు. అక్కడ ఎవరో కాపు కాస్తున్నందుకూ కావచ్చు.

తెలిశాక "నువ్వూ రెండు తగిలించు" అనకండి. ఇద్దరి బలం సమానమైతే అది గొడవ. ఏడిపించడంలో బలమంతా ఒక పక్కనే ఉంటుంది, అదే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపించడం ఇంకా చేటు. మాస్టారి ముందు చేయి కలిపినవాడు సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర కసి తీర్చుకుంటాడు. విడివిడిగానే మాట్లాడాలి.

ముందు ఒక వారం నోటుపుస్తకంలో రాయండి: తేదీ, వేళ, చోటు, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు. "రోజూ ఏడిపిస్తున్నారు" అంటే మాస్టారికి ఏదీ చేతికి చిక్కదు. "సోమ, గురువారాల్లో భోజనాల వరుసలో" అంటే అక్కడ ఒక మనిషిని నిలబెట్టగలరు. అయినా కదలిక లేకపోతే ఎస్‌ఎంసీకి, అంటే బడి యాజమాన్య కమిటీకి, కాగితం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. దెబ్బలు, బెదిరింపుల దాకా వస్తే పిల్లల సహాయ ఫోను నంబరు 1098 ఉంది. రాత్రీపగలూ ఉచితం, పిల్లలే చేయొచ్చు.

అసలు బలం మాత్రం తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో ఉంది. పెద్దలు లేని చోట వాళ్లుంటారు. వీధికి ఐదారుగురు చాలు, ఆడపిల్లలూ ఉండాలి. మొదటి ఆదివారం ఒక చార్టు మీద చిన్నపిల్లల చేత ఇంటి నుంచి బడికి దారి గీయించి, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టమనండి. పేర్లు అడగొద్దు, చోట్లే. చుక్కలు ఎక్కడ గుంపుగా పడ్డాయో, ఆ వేళకి ఇద్దరు అక్కడుండాలి. చేయాల్సింది ఒకటే: ఏడుస్తున్న పిల్లాడి పక్కకెళ్లి "రా, పోదాం" అని వెంట తీసుకుపోవడం. చూసేవాళ్లు కదిలిపోతే ఏడిపించేవాడి సరదా అక్కడే చస్తుంది.

ఇది చెడేదెక్కడంటే, ఈ అన్నలే పోలీసుల్లా తయారై చేయి చేసుకోవడంలో. అందుకే జంటలు వారం వారం మారాలి, ఒక పెద్దామె ఆదివారం పావుగంట కూర్చుని ఏం జరిగిందో వినాలి.

ఆ పూటే చిన్నపిల్లలకి ఓ గంట ఆట పెట్టండి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాచకాలు రాశారు. ఆ ఊరి పిల్లలకి ఐదు మాటలు బరువా? బంతి, నీళ్లు, అన్నం, చెట్టు, వాన. మూడు భాషల్లో ఎవరు గబగబా చెబితే వాళ్లదే బంతి. మొదటి వారం సవర పిల్లాడే మాస్టారు. ఏడిపించినవాణ్ణీ పిలవండి, లెక్క రాసే పని వాడికివ్వండి.