అమ్మ రిపోర్ట్‌లో ఆ ఎర్ర బాణం

అమ్మకి డయాలసిస్ మొదలయ్యాక రిపోర్ట్స్ చూసే పని నాదే, ఈసారి పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 480 అని ఎర్ర అక్షరాలు, పక్కన పైకి బాణం, నార్మల్ 15 నుంచి 65 అని ఉంటే గుండె జారిపోయింది. డాక్టర్ గారేమో చూసి "కంగారేం లేదండీ" అన్నారు! ఏడు రెట్లుంటే కంగారు లేదా??

తర్వాత అర్థమైంది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి (ఇన్నేళ్లు వాటి పేరు కూడా వినలేదు నేను), కిడ్నీలు పాడైతే ఫాస్ఫరస్ బయటికి పోదు, విటమిన్ డి యాక్టివ్ అవ్వదు, కాల్షియం పడిపోతుంది, దాంతో ఇవి ఆగకుండా హార్మోన్ వదులుతూనే ఉంటాయి, వదిలీ వదిలీ ఉబ్బుతాయి కూడా. విచిత్రమేంటంటే ఎంత వదిలినా ఎముకలకి చెవుడొచ్చినట్టే, మామూలు మోతాదుకి సరిగా పలకవు. అందుకే డయాలసిస్ వాళ్లకి నార్మల్ పై హద్దుకి 2 నుంచి 9 రెట్ల దాకా చూస్తూ ఉంటారట, మరీ దించేస్తే ఎముక పాతది పోయి కొత్తది కట్టుకునే పనే మందగిస్తుంది. కానీ పోయినసారి 310, అంటే ఎక్కుతోంది, అందుకని మందు మార్చారు.

డయాలసిస్ వాళ్లకి లెక్క వేరన్న ముక్క ల్యాబ్ వాళ్లు బాణం పక్కన రాస్తే ఏం పోయింది. అమ్మ మాత్రం వీపు గోక్కుంటూ "నంబర్ సంగతి తర్వాత, ముందు ఈ దురద తగ్గించమని అడిగావా" అంటోంది. అడగలేదు.