‘చార్టర్డ్’ అన్న ఒక్క మాట దగ్గర

మా అక్క కూతురు ఇంగ్లండులో సిక్స్త్ ఫారం చదువుతోంది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో సాగే చివరి రెండేళ్ల చదువును అక్కడ అలా అంటారు. మన ప్లస్ టూకి అది సాటి అనుకోవచ్చు గాని, అక్కడి పిల్లలు సాధారణంగా మూడే సబ్జెక్టులు తీసుకుని వాటిలోనే లోతుకు దిగుతారు. ఆ పిల్ల తీసుకున్నవాటిలో ఇంగ్లీషు సాహిత్యం ఒకటి. శనివారాలు ఇక్కడ బరంపురంలో దీపం పెట్టే వేళకు ఫోను చేసి, “పిన్నీ, ఈ వారం బ్లేక్” అంటూ ఆ ఇంగ్లీషు కవి పుస్తకం తెరుస్తుంది.

వాళ్ల పాఠ్యప్రణాళిక చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. రెండేళ్లలో కనీసం ఎనిమిది రచనలు చదవాలి. వాటిలో మూడు 1900కు ముందువి కావాలి, ఒక షేక్‌స్పియర్ నాటకం ఉండాలి, 2000 తరువాత వచ్చినది ఒకటైనా ఉండాలి. మార్కులలో ఎనభై శాతం పరీక్షకు, ఇరవై శాతం విద్యార్థి సొంతంగా రాసే వ్యాసాలకు. పరీక్షలో మునుపెన్నడూ చూడని రచనాభాగం ఇచ్చి దాని మీద రాయమంటారు. బట్టీపట్టిన జవాబు అక్కడ ఎందుకూ కొరగాదు.

నేను ప్లస్ టూ చదివిన కళాశాలలో పద్యానికి సారాంశం చెప్పి రాయించేవారు. ఆ నోట్సు పేజీలు చేతి చెమటకు నలిగి, అంచులు చిరిగిపోయాయి. పద్యం అచ్చయిన పేజీ మాత్రం కొన్ననాటిలాగే మిగిలిపోయింది. నాకు మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు నేనే ప్లస్ టూ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను కనుక, ఆ రెండేళ్లు నా చేతికి అందవలసినది అందకుండా పోయిందన్న బాధ ఇంకా ఎక్కువైంది.

ఇక బ్లేక్ సంగతి. 1794లో అచ్చయిన ‘లండన్’ అనే చిన్న పద్యంలో కవి నగరంలో నడుస్తూ, ప్రతి ‘చార్టర్డ్’ వీధినీ, పక్కనే పారే ‘చార్టర్డ్’ థేమ్సునూ చూస్తాడు. ఆయన రాతప్రతిలో ఈ రెండు చోట్లా మొదట ఉన్న మాట ‘డర్టీ’, అంటే మురికి. దాన్ని కొట్టివేసి ‘చార్టర్డ్’ అని ఎందుకు రాశాడన్నదే మా అమ్మాయికి వచ్చిన ప్రశ్న. చార్టర్ అంటే రాజు ఇచ్చే హక్కుపత్రమని చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “మన సనదులాంటిదా, పిన్నీ?” అంది. ఆ మాట మా తాతగారి నోట విన్నదే. తెలుగులో సనదు, ఒడియాలో సనంద. పాత భూముల గొడవలు మాట్లాడుకునే ఇళ్లలో ఈ మాట బరువు విడమరిచి చెప్పనక్కరలేదు. మురికి వీధిని కడగవచ్చు, సనదు రాసి ఒకరి పరం చేసిన వీధిలో మాత్రం మిగతావాళ్లు పరాయివాళ్లవుతారు. నది కూడా అలాగే ఒకరి పరమైందనడంలోనే ఆ పద్యంలోని కోపమంతా ఉందని నాకు అనిపిస్తుంది.

ఈస్టిండియా కంపెనీ కూడా చార్టర్ మీద నడిచినదే. పద్యం అచ్చుకు ముందటి ఏడాదే, 1793లో, బ్రిటిష్ పార్లమెంటు ఆ చార్టరును మరో ఇరవై ఏళ్లు పొడిగించింది. అప్పటికే మా గంజాం ప్రాంతం ఉత్తర సర్కారులతో పాటు ఆ కంపెనీ ఏలుబడిలో ఉంది. ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీలో సాగి, 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందులో కలిసింది. ఇదంతా వినగానే ఆ పిల్ల వ్యాసం నిండా చరిత్ర రాసేయాలని ఉబలాటపడింది. నేను వద్దన్నాను. అక్కడి మూల్యాంకనంలో చారిత్రక నేపథ్యానికి మార్కులున్న మాట నిజమే గాని, మాటల అల్లికలో అర్థం ఎలా పుడుతుందో చూపడానికీ మార్కులున్నాయి. కంపెనీ కథంతా చెప్పి, ‘డర్టీ’ ఎందుకు పోయిందో చెప్పకపోతే పద్యాన్ని చదివినట్టు కాదు.

తరువాతి పాదాలలో ‘మార్క్’ అన్న మాట మూడుసార్లు వస్తుంది: ఎదురైన ప్రతి ముఖంలోనూ నీరసపు గుర్తులను, దుఃఖపు గుర్తులను కవి గుర్తిస్తాడు. క్రియ, నామవాచకం రెండూ ఒకే మాటతో నడుస్తాయి. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా కనుక ఆ పాదాలను రెండు భాషల్లోనూ పెట్టి చూశాం. తెలుగులో గుర్తు, గుర్తించడం. ఒడియాలో చిహ్న, చిహ్నిబా. రెండింటిలోనూ ఆ పునరుక్తి చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ పిల్ల సంతోషం పట్టలేక వాళ్లమ్మను పిలిచి మళ్లీ చదివి వినిపించింది.

సోమవారం నా తరగతిలో పాఠం మొదలుపెట్టేముందు ‘లండన్’ మొదటి రెండు పాదాలను నల్లబల్ల మీద రాశాను. ‘చార్టర్డ్’ ఉండవలసిన చోట ఖాళీ వదిలి, ఏ మాట పడుతుందో చెప్పమన్నాను. ముగ్గురు ‘డర్టీ’ అన్నారు. బ్లేక్ కూడా మొదట అక్కడే మొదలుపెట్టాడని చెప్పి, సుద్దముక్క వాళ్ల చేతికిచ్చాను.