అమావాస్య లెక్కతో పడమటి టెక్సాస్‌కు

డాలస్‌లో ఉండే మావంటివారికి టెక్సాస్ అంటే హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియోలే. రాష్ట్రం మాత్రం సుమారు 6,95,000 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినదానికి రెండున్నర రెట్లు. అమ్మానాన్నలు, అత్తయ్యగారు, అన్నయ్య కుటుంబం అందరూ ఇక్కడే ఉన్న 2023 జనవరిలో, రియో గ్రాండే నది ఒడ్డునున్న బిగ్ బెండ్ నేషనల్ పార్కు దాకా ఒకే వ్యానులో వెళ్లాలని నిశ్చయించుకున్నాము.

తేదీ దగ్గరే చర్చ మొదలైంది. ఆ ప్రాంతంలోనే, ఫోర్ట్ డేవిస్ అనే ఊరి సమీపంలో ఉన్న మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో (నక్షత్రశాలలో) సందర్శకులకు రాత్రిపూట నక్షత్రాలు చూపే కార్యక్రమం వారంలో కొన్ని రోజులే ఉంటుంది, టికెట్లు ముందుగా తీసుకోవాలి. చంద్రుడు లేని రాత్రి అయితే మేలని, సంక్రాంతి వెళ్లిన వారానికి, శనివారం నాడు వచ్చిన చొల్లంగి అమావాస్యను నేను ఎంచుకున్నాను. "అమావాస్యనాడు ప్రయాణమేమిటిరా?" అని నాన్నగారు అభ్యంతరం చెప్పారు. గుడివారు డాలస్ కాలానికి గుణించి అచ్చువేసిన క్యాలెండరు తెచ్చి ముందు పెడితే, కాసేపు చూసి, బయలుదేరడం గురువారమైతే దారిలో వచ్చే అమావాస్యకు దోషం లేదని ఆయనే తేల్చారు. ఇక మిగిలిన ప్రణాళిక అంతా ఆ శనివారం రాత్రి నుంచి వెనక్కి లెక్కకట్టుకుంటూ వేసినదే.

తొమ్మిదిమందికి పన్నెండు సీట్ల వ్యాను తీసుకున్నాము. నిండుగా ఎక్కించిన పెద్ద వ్యాన్లు మలుపుల్లో పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ కనుక, పైకప్పు మీద ఒక్క పెట్టె కూడా కట్టకూడదని అన్నయ్య పట్టుబట్టాడు. అందువల్ల సామాను సగానికి తగ్గింది. రైస్ కుక్కరు మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేకపోయారు.

నిజమైన శ్రమంతా దూరాల పట్టిక దగ్గరే పడింది. మొదటి రోజు గమ్యమైన మారథాన్ అనే చిన్న ఊరు డాలస్‌కు దాదాపు 480 మైళ్లు. పెద్దవాళ్లకు రెండు గంటలకొకసారి దిగి నడవవలసిన అవసరం ఉన్నందున, ఐ-20 రహదారి మీద ఎబిలీన్, బిగ్ స్ప్రింగ్, ఒడెస్సాలను ఆగే చోట్లుగా గుర్తుపెట్టుకున్నాము. స్వీట్‌వాటర్ ప్రాంతంలో గాలిమరలు, మిడ్‌లాండ్ దాటేదాకా తలలూపుతూ చమురు తోడే యంత్రాలు తప్ప చూడవలసినవి పెద్దగా లేవు. చీకటిపడితే రోడ్డు మీదికి జింకలు వస్తాయి కనుక తెల్లవారకముందే బయలుదేరి పొద్దు ఉండగానే చేరుకున్నాము.

మారథాన్ నుంచి పార్కు లోపలి పాంథర్ జంక్షన్ దాకా సుమారు 70 మైళ్ల దారిలో పెట్రోలు దొరకదు. ఫోను సిగ్నలును నమ్ముకోవడానికి లేదు. టాంకు సగానికి దిగకముందే నింపించడం, మ్యాపులు ముందే ఫోనులోకి దించుకోవడం, మనిషికి రోజుకు ఒక గాలను చొప్పున నీళ్లు పెట్టుకోవడం మా నియమాలు. పార్కులోని శాంటా ఎలీనా లోయ దగ్గర 1,500 అడుగుల సున్నపురాతి గోడల మధ్య నుంచి నది బయటికి వస్తుంది, అవతలి గోడ మెక్సికోది. లోయలోకి వెళ్లే కాలిబాటలో మెట్లు, ఎక్కుడు ఉన్నందున పెద్దవాళ్లు దూరం నుంచే చూసి, వ్యాను నీడలో పులిహోర విప్పారు. "ఏటి అవతల వేరే దేశమా? మన కృష్ణలో సగం నీళ్లు కూడా లేవే!" అని అత్తయ్యగారు నమ్మలేదు.

ఆ రాత్రి టెర్లింగువాలో బస చేసి, శనివారం 118వ నంబరు రోడ్డు మీద ఆల్పైన్ వైపు వచ్చాము. ఈ దారిలో సరిహద్దు గస్తీవారి (బోర్డర్ పట్రోల్) తనిఖీ కేంద్రం ఉంటుంది. వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టు, ఐ-94 కాగితం (దేశంలోకి వచ్చినప్పటి నమోదు పత్రం) తప్పనిసరిగా చేతికి అందేలా పెట్టుకోవాలి. మావన్నీ ఒకే సంచిలో ఉన్నందున రెండు నిమిషాల్లో వదిలారు.

అబ్జర్వేటరీ ఉన్న లాక్ కొండ సుమారు 6,800 అడుగుల ఎత్తు. జనవరి చలికి దుప్పట్లు, మంకీ క్యాపులు కూడా చాలలేదు. మార్గదర్శి మృగశిరను చూపిస్తూ ఆకుపచ్చ లేజరు కాంతిని ఆకాశం మీదికి తిప్పుతుంటే, ఆరుద్ర ఎక్కడుందో నాన్నగారు పిల్లలకు తెలుగులో చెప్పసాగారు. రాత్రి ఘాట్ రోడ్డులో దూరం నడపనక్కర లేకుండా 16 మైళ్ల దిగువన ఫోర్ట్ డేవిస్‌లోనే గదులు తీసుకోవడం అన్నయ్య ఆలోచన. ఆదివారం తిరుగు దారిలో ఐ-10 రహదారి మీద గంటకు 80 మైళ్ల వేగం అనుమతించినా, వ్యానును 70 దాటనివ్వలేదు.